తేమ సెన్సార్‌తో పసిపిల్లల ఊపిరి: డీహెచ్‌టీ11 చాలదా?

రాయగడ_సోల్డరింగ్: డీహెచ్‌టీ11 తేమ సెన్సార్, దాని రీడింగులు చదివే ఆర్డుయినో నానో అనే చిన్న బోర్డు, ఒక బజర్. ముక్కు దగ్గర పెడితే ఊపిరి వదిలినప్పుడు తేమ పెరుగుతుంది, పీల్చినప్పుడు తగ్గుతుంది. పది సెకన్లు తేమలో కదలిక లేకపోతే బజర్ మోగాలి. కొండ ఊళ్లలో పసిపిల్లలున్న ఇళ్లకి ఇది చాలంటాను.

ప్రాణహిత_గట్టు (సిరొంచ): చాలదు. డీహెచ్‌టీ11 సెకనుకి ఒక్క రీడింగే ఇస్తుంది. పసిపిల్ల నిమిషానికి 50 సార్లు ఊపిరి తీస్తే ఒక్కోటి 1.2 సెకన్లు. ఒక ఊపిరికి రెండు కన్నా ఎక్కువ రీడింగులు పడకపోతే ఎత్తూ పల్లమూ విడిగా కనబడవు. డీహెచ్‌టీ22 ధర ఎక్కువ కదాని దానికి పోకండి, అది రెండు సెకన్లకొకటి.

రాయగడ_సోల్డరింగ్: పెద్దవాళ్లకి 12 నుంచి 20 సార్లే కదా. వాళ్లకైనా సరిపోతుందిగా?

ప్రాణహిత_గట్టు: 15 అనుకుంటే ఊపిరికి నాలుగు రీడింగులు పడతాయి, నిజమే. కానీ సెన్సార్ లోపలి పొర పీల్చుకున్న తేమని వదలడానికే చాలా సెకన్లు తీసుకుంటుంది. గ్రాఫు గీత పైకెక్కి అక్కడే కూర్చుంటుంది. బీఎమ్ఈ280 సెన్సార్ తీసుకోండి, కంపెనీ ఇచ్చే డేటాషీట్‌లో తేమ మార్పుకి అది స్పందించే సమయం 1 సెకను. ఎస్‌హెచ్‌టీ31 అనే ఇంకో సెన్సార్‌కి 8 సెకన్లు, తేమ కచ్చితంగా చూపినా ఈ పనికి నెమ్మది.

జయపురం_కుర్రాడు: ఊపిరి వేడిని పట్టే థర్మిస్టర్ పెడితే అయిపోదా? ఇంకా చవక.

ప్రాణహిత_గట్టు: గది 34, 35 డిగ్రీలుంటే ఊపిరీ గాలీ ఒకే వేడి. గీత చదునైపోతుంది. మా ఎండాకాలానికి తేమే నయం, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తేడా బాగా కనబడుతుంది.

రాయగడ_సోల్డరింగ్: మీకు ఎండలు, మాకు వానలు. గది 28 డిగ్రీలు, తేమ 90 శాతం ఉంటే ఊపిరి తగలగానే 100కి కొట్టుకుని ఆగిపోతుంది, సెన్సార్ మీద చెమ్మ పడుతుంది. అందుకే దాన్ని వేడిగా ఉంచాలి. బోర్డు వెనక 47 ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్ అతికించి 3.3 వోల్టులివ్వండి, 0.23 వాట్ వేడి వస్తుంది. సెన్సార్ రంధ్రానికి మాత్రం తగలకూడదు. 38 డిగ్రీల దగ్గర నిలబెడితే ఆ వేడికి తేమ శాతం తగ్గి అదే గది గాలి దాదాపు 51, ఊపిరి 80 దాకా చూపిస్తుంది. ఎంత వేడెక్కిందో బీఎమ్ఈ280 ఉష్ణోగ్రత రీడింగే చెబుతుంది.

జయపురం_కుర్రాడు: పవర్‌బ్యాంక్ మీదే నడపండి. పిల్ల ఒంటి దగ్గర గోడ ఛార్జర్ వద్దు.

బరంపురం_వార్డు: సెన్సార్‌ని మాస్కులో బిగించొద్దు. మూడు కిలోల పిల్ల ఒక్కసారి పీల్చేది 15, 20 మిల్లీలీటర్లే. మాస్కులో అంత ఖాళీ ఉంటే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. పది సెకన్ల బజర్ కూడా తప్పు. కొత్తగా పుట్టిన పిల్లలు మధ్యమధ్యలో కొన్ని సెకన్లు ఆగి మళ్లీ తీస్తారు, అది మామూలే. 20 సెకన్లు దాటితే ప్రమాదం. ఒళ్లు నీలంగా మారినా, వాడిపోయినా అంతసేపు కూడా చూడకూడదు.

రాయగడ_సోల్డరింగ్: మానిటర్లున్న వార్డులో కూర్చుని ఇది తప్పు, అది తప్పు అనడం తేలికే మేడమ్. కొండ దిగితేగానీ ఆసుపత్రి లేని ఇంట్లో ఏం పెట్టాలో అదీ చెప్పండి!

బరంపురం_వార్డు: చెబుతాను, కోపం తెచ్చుకోకండి. నా గొడవ డీహెచ్‌టీతోనూ కాదు, బీఎమ్ఈతోనూ కాదు. న్యుమోనియా వచ్చిన పిల్ల ముందు ఊపిరి ఆపదు, వేగంగా తీస్తుంది. రెండు నెలల లోపు పిల్లకి నిమిషానికి 60, ఆపైన ఉంటే వేగమే. 70 తీస్తున్నా మీ బజర్ కిక్కురుమనదు. బజర్ మోగలేదు కాబట్టి పిల్ల బాగుందని తల్లి పడుకుంటుంది. నాకు భయం అక్కడ.

రాయగడ_సోల్డరింగ్: ఆ మాట మొదట్లోనే అనాల్సింది. అంటే ఆగడం కాదు, వేగం చూపించమంటారు.

బరంపురం_వార్డు: అంకె చూపించండి, శబ్దం వద్దు. ఆశా దీదీ, అదే ఊరి ఆశా కార్యకర్త, వచ్చినప్పుడు పొట్ట మీది బట్ట తీసి, పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం లెక్కపెడుతుంది. 60 వస్తే మళ్లీ లెక్కపెడుతుంది. డొక్కలు లోపలికి పోతున్నాయా అని చూస్తుంది. అది మీ సెన్సార్‌కి కనబడదు.

రాయగడ_సోల్డరింగ్: దీదీ రోజూ రాదండీ. పిల్ల పుట్టిన 3, 7, 14, 21, 28, 42 రోజులకి వస్తుంది. నడుమ రాత్రుళ్ల సంగతి? అంకె పెడతాను, 60కి చేరితే వెలిగే ఎర్ర లైటు పెడతాను. బజర్ మాత్రం తీయను, 20 సెకన్లకి మారుస్తాను.

ప్రాణహిత_గట్టు: 60కి లైటంటే సెకనుకి ఐదు రీడింగులైనా తీసుకోండి. డీహెచ్‌టీ11తో ఆ లైటు ఎప్పటికీ వెలగదు.

బరంపురం_వార్డు: బజర్ ఉన్నంతవరకు నేను ఒప్పుకోను.