ఇంటర్ పిల్లలు ఇంట్లో నోరు విప్పకపోవడానికి ఫోనే కారణమా?

గుంటూరు అమ్మ:
మా బాబు హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు. పండక్కి వచ్చిన దగ్గర్నుంచి గది తలుపు వేసుకునే ఉంటున్నాడు. అన్నానికి పిలిస్తే వచ్చి తినేసి లేచిపోతాడు. ఫోన్ లాక్కుంటే దారికొస్తాడని వాళ్ల నాన్నగారు అంటున్నారు. నాకెందుకో భయంగా ఉంది. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల తండ్రి:
మీవారు చెప్పింది కరెక్టేనమ్మా. రాత్రి రెండింటి దాకా రీల్స్ చూసేవాడికి పొద్దున మాట్లాడే ఓపిక ఎక్కడిది? మావాడి ఫోన్ తీసేస్తే కొన్నాళ్లు మూతి ముడుచుకుని తర్వాత మామూలయ్యాడు. అయినా కొందరు పుట్టుకతోనే నెమ్మదస్తులు, ప్రతిదానికీ జబ్బు పేరు పెట్టకూడదు.

జూనియర్ లెక్చరర్:
హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు కదండీ! నేను చూసిన పిల్లలు మాట మానేసింది అక్కడే. వారం వారం టెస్టు, ర్యాంకును బట్టి సెక్షన్ మార్పు. పై సెక్షన్ నుంచి కిందికి పడినవాడు మెస్‌లో పాత స్నేహితుల దగ్గర కూర్చోడు, కంచం పట్టుకుని చివరి బల్లకు పోతాడు. ఆదివారం ఇంటికి ఫోన్ చేసుకోవడానికి లైన్లో నిలబడతాడు. వెనకవాళ్లు 'తొందరగా కానీరా' అంటుంటారు, అవతల అమ్మానాన్నల మొదటి ప్రశ్న 'ఈ వారం ఎంతొచ్చింది?' ఇంక వాడేం చెప్పుకుంటాడు?

నెమ్మదస్తుడు కూడా ఒకరిద్దరితో హాయిగానే ఉంటాడు, తనకిష్టమైన ఆట మానడు. ఇష్టమైనవి ఒక్కొక్కటే వదిలేస్తూ, నిద్ర, తిండి మారిపోయి, రెండు వారాలైనా అలాగే ఉంటే డాక్టరుకు చూపించాలి. డిప్రెషన్ కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలరైనా ఉండాలి, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం వీలైనంత వరకు మానాలి అని అందులో ఉంది. ఫీజు కట్టేటప్పుడు కౌన్సెలర్ ఎవరని అడిగే తల్లిదండ్రులు నాకింకా కనబడలేదు.

ఇద్దరు పిల్లల తండ్రి:
అలాగే అనుకుందాం మాస్టారూ. కానీ పోటీ లేకుండా సీటెలా వస్తుంది? అప్పు చేసి చదివిస్తున్నాం, మార్కులు అడిగే హక్కు కూడా లేదా?

పాత హాస్టల్ విద్యార్థి:
అంకుల్, ఆ అప్పే నా నోరు కట్టేసింది. కెమిస్ట్రీ అర్థం కావట్లేదని చెబితే నాన్న ఏమైపోతారోనని నెలల తరబడి 'బాగానే ఉంది' అంటూ గడిపాను. మా అక్క ఒక్కతే చదువు సంగతి ఎత్తేది కాదు. సెలవుల్లో డాబా మీద బట్టలు ఆరేస్తూ 'ఆ బకెట్ ఇటు అందుకోరా' అని పని చెప్పి పక్కన ఉంచుకునేది. ఒకరోజు తువ్వాలు పిండుతూ ఏడ్చేశాను, అంతా చెప్పాను. ఆ తర్వాత గ్రూప్ మారాను.

ఆంటీ, దయచేసి ఫోన్ మాత్రం లాక్కోకండి. మీ బాబు ఇంకా మాట్లాడుతున్న ఒక్క స్నేహితుడు అందులోనే ఉండొచ్చు. వాడెవరో తెలిస్తే ఒకసారి ఇంటికి భోజనానికి పిలవండి.