షూ షాపా, షూస్ షాపా? రేపే బోర్డు రాయించాలి

చౌరస్తా_అన్న: హన్మకొండ చౌరస్తా దగ్గర మా తమ్ముడు చెప్పుల దుకాణం పెడుతున్నాడు. బోర్డు మీద ఇంగ్లిష్‌లో 'షూస్ షాప్' అని రాయిద్దామంటే, ఏడో తరగతి చదివే మా పాప 'షూ షాప్' అనాలంటుంది. ఒక్క షూ ఎవడు కొంటాడు? మధ్యలో గీత పెట్టాలా, కలిపి రాయాలా అది కూడా చెప్పండి.

కాజీపేట_గూడ్స్: పాప కరెక్టే. ముందున్న నామవాచకం అక్కడ విశేషణం పని చేస్తుంది, మామూలుగా దానికి బహువచనం పెట్టరు. టూత్‌బ్రష్ అంటాం, టీత్‌బ్రష్ అంటామా? ఒక్క పన్నే తోముకుంటున్నామా?

ఎనుమాముల_పత్తి: నీ పేర్లోనే గూడ్స్ ఉంది గదన్నా. గూడ్స్ ట్రైన్ మరి?

కాజీపేట_గూడ్స్: సరుకు అనే అర్థంలో 'గుడ్' అనే ఏకవచనం మామూలు మాటల్లో వాడరు. ఆర్మ్స్ రేస్, కస్టమ్స్ ఆఫీసర్ కూడా అంతే. ఎస్ తీస్తే ఆయుధాలు పోయి చెయ్యి మిగులుతుంది.

ఎనుమాముల_పత్తి: ప్యాంటు అనే అర్థంలో ట్రౌజర్స్‌కు కూడా ఏకవచనం వాడరు గదా, మరి 'ట్రౌజర్ పాకెట్' అని ఎట్ల రాస్తారు?

కాజీపేట_గూడ్స్: 18 ఏళ్లుగా గ్రామర్ చెప్తున్నా. నాకు పాఠాలు చెప్పకు.

ఎనుమాముల_పత్తి: ఏళ్లు అడగలేదన్నా, జేబు సంగతి అడిగిన.

సుబేదారి_టీచరమ్మ: మీ లొల్లి ఆపండి. నేను లీవ్ లెటర్‌లో 'టూ డేస్ లీవ్' అని, ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టి మరీ రాస్తే మా హెడ్‌మాస్టర్ ఎర్ర పెన్నుతో కొట్టేసి 'టూ డేస్ లీవ్స్' అని దిద్దాడు, అదీ స్టాఫ్‌రూంలో అందరి ముందు. 'టూ డే లీవ్' అన్నా సరిపోయేది, అప్పుడు టూకూ డేకూ మధ్య గీత పెడతారు. ఆయన దిద్దింది మాత్రం ఎక్కడా లేదు. ఇప్పటికీ కడుపు మండుతుంది.

కొత్తవాడ_జంపఖానా: తప్పు మన అలవాటుది. చెప్పుల దుకాణం, పండ్ల బండి, కూరగాయల మార్కెట్... తెలుగులో ముందుండే మాట బహువచనమే, అందుకే నోటికి షూస్ షాప్ వస్తుంది.

ఎనుమాముల_పత్తి: మామిడికాయ తొక్కు? మా ఇంట్ల యాభై కాయలు కొడతం, మామిడికాయల తొక్కు అని ఎవ్వరూ అనరు.

కొత్తవాడ_జంపఖానా: ఇది బాగా పట్టినవ్ తమ్మీ. తొక్కులోకి పల్లినూనెనా, నువ్వులనూనెనా మీకు?

సుబేదారి_టీచరమ్మ: నువ్వులనూనే. పల్లినూనె పోస్తే మా అత్తమ్మ ముట్టదు.

కాజీపేట_గూడ్స్: ట్రౌజర్స్, పైజామాస్ లాంటి కొన్ని మాటలు ఇంకో మాటకు ముందొస్తే ఎస్ రాలిపోతుంది. 'పైజామా పార్టీ' చూడండి. సిజర్స్ కూడా అంతే, ఫుట్‌బాల్‌లో 'సిజర్ కిక్' అంటారు. గూడ్స్‌కు రాలదు. రూల్ అడగకు, వాడుక.

ఎనుమాముల_పత్తి: ఇది ముందే చెప్తే అయిపోవు గదా.

చౌరస్తా_అన్న: గీత గురించి ఒక్కరు చెప్పలేదు! పెయింటర్ వచ్చి గంటసేపు కూర్చున్నాడు, 'ఫుట్‌వేర్' అని రాయించేసిన. కింద 'లేడీస్ చెప్పల్స్' అంటే ఇప్పుడు పాప అపాస్ట్రఫీ ఏదని అడుగుతుంది. టీచరమ్మా, ఎస్‌కు ముందా, తర్వాతా?