ఐసీజే తీర్పు అమలుపై గొడవ వస్తే అదే కోర్టులో కొత్త కేసు వేయవచ్చా?

కుల్‌భూషణ్ జాధవ్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం (ఐసీజే) 2019 జూలై 17న ఇచ్చిన తీర్పు చదువుతున్నాను. భారత కాన్సులర్ అధికారులను ఆయన్ని కలవనివ్వకుండా పాకిస్తాన్ కాన్సులర్ సంబంధాలపై వియన్నా ఒప్పందాన్ని ఉల్లంఘించిందనీ, పాక్ సైనిక కోర్టు ఆయనకు వేసిన మరణశిక్షను సమర్థంగా పునఃసమీక్షించాలనీ కోర్టు చెప్పింది. పద్ధతిని మాత్రం పాకిస్తాన్‌కే వదిలేసింది; అసలు చిక్కంతా ఇక్కడే. పాకిస్తాన్ 2020లో ఆర్డినెన్స్, 2021లో చట్టం తెచ్చింది. వాటిలో లోపాలున్నాయని భారత్ అంటోంది.

కోర్టు శాసనంలోని 60వ అధికరణం చూశాను. అప్పీలు లేదు, తీర్పు అర్థం మీద వివాదముంటే వివరణ కోరవచ్చు. అమెరికాపై మెక్సికో 2008లో ఆ తలుపే తట్టింది. అడిగినవి పాత అవేనా తీర్పులో (అమెరికాలో మరణశిక్ష పడ్డ మెక్సికో పౌరుల కాన్సులర్ హక్కులపై 2004లో ఇచ్చినది) తేల్చిన విషయాలు కావంటూ కోర్టు 2009 జనవరిలో తోసిపుచ్చింది. తీర్పును సవరించమని కోరే 61వ అధికరణానికి కొత్త వాస్తవం బయటపడాలి, కాబట్టి అదీ పనికిరాదు. తీర్పు అమలు కోసం ఐరాస భద్రతా మండలికి వెళ్లమని చెప్పకండి, అక్కడి వీటో సంగతి తెలిసిందే.

కాస్త ఆశ కలిగించింది నికరాగువా–కొలంబియా సముద్ర సరిహద్దు వివాదమే. 2012 నాటి తీర్పు తర్వాత జరిగిన ఉల్లంఘనలపై వేసిన కొత్త కేసు వినడానికి బొగోటా ఒప్పందం (అమెరికా ఖండాల దేశాల మధ్య వివాదాల పరిష్కార ఒప్పందం) ఆధారంగా తనకు అధికారముందని 2016లో కోర్టు అంది. అయితే ఆ ఆధారం వేరు.

పునఃసమీక్ష లోపభూయిష్టమన్న ఆరోపణ, వియన్నా ఒప్పందపు ఐచ్ఛిక ప్రోటోకాల్ (ఆ ఒప్పందంపై వివాదాలను ఐసీజేకి తెచ్చే వీలిచ్చే అనుబంధ పత్రం) 1వ అధికరణం కింద కొత్త కేసు వేయడానికి సరిపోయే వివాదం అవుతుందా?