ఓరుగల్లు ముట్టడి ఆట: కోట పడిపోతుందని ముందే చెప్పాలా, పాచికలకే వదిలేయాలా?

కోటవాసి (వరంగల్):
మా బృందం కోసం 1323 నాటి ఓరుగల్లు ముట్టడి నేపథ్యంగా ఒక రోల్ ప్లేయింగ్ క్యాంపెయిన్ (ఒక్కొక్కరు ఒక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ పలు సెషన్లలో ఆడే కథ) సిద్ధం చేస్తున్నాను. ఆట నడిపే గేమ్ మాస్టర్‌ను నేనే. ఆటగాళ్లు కోటలోని మామూలు మనుషులు: ధాన్యం లెక్కలు రాసే కరణం, కమ్మరి, బురుజు మీద కాపలా భటుడు, ఒక వేగులమ్మాయి. కథ ఎలా ముగియాలన్న దగ్గర బృందం రెండుగా చీలింది.

నా మాట ఇది. కోట పడిపోతుంది. ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి బయలుదేరి దారిలోనే కన్నుమూస్తాడు. పాచికలు దీన్ని మార్చవు. ఈ సంగతి పాత్రలు తయారు చేసుకునే రోజే అందరికీ చెబుతాను. గెలుస్తామని ఆశపెట్టి చివర్లో ఓడిస్తే అది మోసం, ముందే చెప్పి ఆడిస్తే కాదు. ఖిలా వరంగల్‌లో ఆ విరిగిన శిల్పాల మధ్య తిరుగుతూ పెరిగినవాళ్లకు ముగింపు కొత్త కాదు. గోడ కూలిన రాత్రి ఎవరు బయటపడ్డారు, ఏం వెంట తీసుకెళ్లారు, ఎవరిని వదిలి వెళ్లాల్సి వచ్చింది? వీటికి జవాబు ఎవరికీ తెలియదు. నాకు కావలసిన ఆట అదే.

ఇరవై ముఖాలు (కరీంనగర్):
కోటవాసి గారూ, నేను ఒప్పుకోను. ఈ ఆటలు పుట్టిందే యుద్ధ క్రీడల్లోంచి. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఇద్దరూ అంతకుముందు బల్ల మీద బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడినవాళ్లే. చరిత్రలో ఓడినవాడు ఈసారి గెలవవచ్చన్న ఆశ లేకపోతే ఆ బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటారు? ముగింపు మీరు రాసేసుకుంటే మేము వచ్చి ఏం చేయాలి? మీరు చెప్పే కథ వినాలా? ప్రాణాలకు తెగించి నా పాత్ర ఒక పని చేస్తే, దాని ఫలితం కోటకు తగలాలి.

పాత పుటలు (హన్మకొండ):
ఒక్క విషయం మరచిపోతున్నారు. ఢిల్లీ సుల్తాను కొడుకు, సేనాని ఉలుగ్ ఖాన్ మొదటిసారి వచ్చినప్పుడు కోట పడలేదు. ఢిల్లీ నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి, సుల్తాను గియాసుద్దీన్ చనిపోయాడన్న పుకారు శిబిరంలో పాకింది, సేనానుల్లో అనుమానాలు పుట్టాయి, సైన్యం దేవగిరి వైపు వెనుదిరిగింది. పుకారు అబద్ధం. కొత్త బలగంతో మళ్లీ వచ్చాకే కోట లొంగింది. శత్రువు ఇక రాడనుకుని నిల్వ ధాన్యం అమ్ముకున్నారని ఆ కాలపు రచనల్లో ఉంది.

కోటవాసి:
పాత పుటలు గారూ, క్యాంపెయిన్ మొదటి ముట్టడి నుంచే మొదలవుతుంది. ఇరవై ముఖాలు గారికి జవాబు కూడా అక్కడే దొరుకుతుంది.

ఆ పుకారు మా ఆటగాళ్లే పుట్టించవచ్చు. ఎలా చేయాలో నేను రాసిపెట్టను. ఉత్తరాలు ఆగాయన్న సంగతి మాత్రం మూడు దారుల్లో తెలిసేలా పెడతాను: పట్టుబడిన వార్తాహరుడు, శిబిరానికి గడ్డి అమ్మే రైతు, గుడారాల్లో గొడవ విన్న వంటవాడు. ఒక్కటే దారి పెడితే ఆటగాళ్లు దాన్ని చూడకుండా దాటిపోతారు, ఆట ఆగిపోతుంది. ఇరవై ముఖాల పాచికపై 15 లేదా అంతకు మించి పడాలంటే అవకాశం 30 శాతమే. వార్తాహరుడి ముద్ర చేతిలో ఉంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోమంటాను, అది 51 శాతం అవుతుంది. వారి శ్రమకు ఫలితం అలా కనబడుతుంది.

శత్రువు ఎంత ముందుకు వచ్చాడో చూపే గడియారం ఒకటి గీస్తాను, ఎనిమిది గడులు. ఆటగాళ్లు ఏమీ చేయకపోతే సెషన్‌కు ఒక గడి నిండుతుంది: కందకం పూడ్చడం, మట్టిగోడ దాటడం, రాతిగోడ దగ్గరికి రావడం. వారు అడ్డుకుంటే గడి వెనక్కి పోతుంది. ఇక ద్వారం. రాతికోట ద్వారంలోకి నేరుగా పరుగెత్తి రాలేరు, పక్కకు తిరగాలి. కోట చూసినవారందరికీ తెలిసిన మలుపు అది. ఆ ఇరుకులో నలుగురు మనుషులు ఒక పూటంతా దళాన్ని ఆపవచ్చు. ఆపితే ఎంతమంది పిల్లలు వెనక దారిన పోతారో పాచికే చెబుతుంది, నేను చెప్పను.

ఇరవై ముఖాలు:
గడియారం బాగుంది. కానీ నా వేగులమ్మాయి రెండో ముట్టడిలో ఉలుగ్ ఖాన్ గుడారంలోకి దూరి పొడిచేస్తే?

మంథని మిత్రుడు:
మధ్యలో ఒక మాట. మా దగ్గర ఇలాంటి ఆట పెట్టినప్పుడు తుగ్లక్ సైనికులను రాక్షసుల్లా చూపించారు. ఆటలో కూర్చున్న ముస్లిం మిత్రుడు మరుసటి వారం రాలేదు. అటువైపు మనుషులకూ పేర్లు, ఇళ్లు, భయాలు ఉండాలి. ఇది ముందే మాట్లాడుకోండి.

కోటవాసి:
మంథని మిత్రులు చెప్పింది మొదటి రోజు చర్చలోనే పెడుతున్నాను. గుడారాల్లోని ఆ వంటవాడికి కూడా పేరు, ఊరు రాస్తాను.

పొడిచి చంపగలిగితే చస్తాడు. పాచిక పడితే కాదనను. ఢిల్లీలో గియాసుద్దీన్ బతికే ఉన్నాడు, ఇంకొక సేనానిని పంపుతాడు. గడియారం మొదటికి వస్తుంది, ఆ వ్యవధిలో కోటను ఖాళీ చేయించవచ్చు. తరవాత కోట పడుతుంది. అయితే క్యాంపెయిన్ అక్కడ ఆగదు. సుమారు 1336లో ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి తీసుకున్నాడు. మీరు బయటికి చేర్చిన కమ్మరులు, ధాన్యం, పిల్లలు రెండో భాగంలో ఆయన బలగానికి లెక్కకు వస్తారు. తక్కువ తెస్తే తక్కువతోనే పోరాడతారు.

ఇరవై ముఖాలు:
కాపయ కోటను తీసుకోవడమూ ముందే ఖాయమా?

కోటవాసి:
కాదు. అది మీరు తెచ్చినవారిని బట్టి ఉంటుంది.

ఇరవై ముఖాలు:
అయితే మొదటి కోట విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది, మీ బల్ల దగ్గరే వాదిస్తాను. వేగులమ్మాయి పాత్ర నాకే ఉంచండి. వార్తాహరుడి ముద్ర మొదటి సెషన్‌లోనే సంపాదించాలి.