సున్నపు బట్టీలో రాయి చిన్నదిగా కొడితే బొగ్గు మిగులుతుందా?

పల్నాటి బట్టీ:
మాది పిడుగురాళ్ల దగ్గర నిలువు బట్టీ. రాయి, బొగ్గు పొరలుగా పైనుంచి పోసి, కింద సున్నం దించుతాం. ఇన్నాళ్లూ 6 అంగుళాల రాయి వాడాం. దించాక పగలగొడితే చాలావాటిలో నడుమ గుడ్డులో సొనలాగా పచ్చి రాయి. 3 అంగుళాలకు కొట్టిద్దామని నేను, బట్టీ ఊపిరాడక చస్తుందని మా మేస్త్రి. పోయిన నెల పంతానికి కొట్టించాను. రెండో రోజుకే ఒక పక్క భగభగ, మరో పక్క నల్లగా. ఆయనదే గెలుపా?

వేడి లెక్కలు:
తొందరపడి ఓటమి ఒప్పుకోకండి. రాయి సైజు సగమైతే టన్నుకు వేడి తగిలే పైభాగం రెట్టింపవుతుంది, లోపలికి దూరం సగమవుతుంది. రాయి పైనుంచి లోపలికి కాలుతూ పోతుంది. ముందుగా కాలిన పొర సన్నని రంధ్రాలతో గుల్లబారి, ఆ తర్వాతి వేడికి అదే అడ్డం పడుతుంది. అందుకే సైజు రెట్టింపైతే కాలే సమయం రెట్టింపుతో ఆగదు, దాదాపు నాలుగింతల దాకా పోతుంది. నడుమ భాగం కూడా కాలాలని బొగ్గు పెంచితే పైపొర మాడుతుంది. మాడిన సున్నం నీళ్లకు వెంటనే విరగదు, గోడకెక్కాక పొక్కులు లేపుతుంది.

మేస్త్రి పక్షం:
కాగితం మీద అంతా నిజమే. అయితే ఆ వేడిని మోసేది గాలి. సందులుంటేనే గాలి నడుస్తుంది. ఒకే సైజు రాళ్లు పోస్తే గుట్టలో సుమారు 40 శాతం ఖాళీయే. చిన్న ముక్కలు, రజను కలిస్తే ఆ ఖాళీలు పూడిపోతాయి, గాలి తేలికైన దారి వెతుక్కుని ఒక పక్కకే పోతుంది. మీరు చూసిన ఎరుపు నలుపు అదే.

కొత్తగా చేరాను:
అడగవచ్చో లేదో. సిమెంటు ఫ్యాక్టరీలో ఇదే రాయిని పిండి చేసి కదా కాలుస్తారు? అక్కడ ఊపిరాడకపోవడం లేదేం?

మేస్త్రి పక్షం:
మంచి ప్రశ్న. అక్కడ పిండి గుట్టగా ఉండదు, వేడి గాలిలో తేలుతూ పోతుంది. ప్రతి రేణువుకూ చుట్టూ గాలే కాబట్టి క్షణాల్లో వేడెక్కుతుంది. అదే పిండి నిలువు బట్టీలో పోస్తే మూత పెట్టినట్టే.

వేడి లెక్కలు:
అంటే తప్పు చిన్న రాయిది కాదు, కలగాపులగానిది. పల్నాటివారూ, కొట్టిన రాయిని జల్లెడ పట్టారా?

పల్నాటి బట్టీ:
లేదండీ. క్రషర్ నుంచి వచ్చింది వచ్చినట్టే.

వేడి లెక్కలు:
అదీ సంగతి! 2 నుంచి 4 అంగుళాల మధ్యది మాత్రమే ఏరి పోయండి. అంతకుముందు పాత 6 అంగుళాల సున్నం 10 కిలోలు తూచి నీళ్లలో వేయండి (కళ్లు జాగ్రత్త, బాగా కాగుతుంది). మర్నాడు విరగకుండా మిగిలినదాన్ని కడిగి, ఆరబెట్టి తూచండి.

పల్నాటి బట్టీ:
తూచాను. 3 కిలోలు.

వేడి లెక్కలు:
మంచి రాయి 100 కిలోలు పూర్తిగా కాలితే 56 కిలోల సున్నం, మిగతా 44 బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. మీ 7 కిలోల సున్నానికి పట్టిన రాయి పన్నెండున్నర కిలోలు. దానికి ఈ 3 కలిపితే, పోసిన పదిహేనున్నరలో దాదాపు అయిదో వంతు బట్టీ అంతా తిరిగి రాయిగానే బయటికొచ్చింది. దాన్ని తవ్వి, మోసి, వేడెక్కించిన ఖర్చు మీదే.

మేస్త్రి పక్షం:
లెక్క బాగుంది. జల్లెడ కింద పడే రజను ఖర్చు కూడా వేయండి మరి. రాయి చిన్నదిగా కొట్టేకొద్దీ అదీ పెరుగుతుంది. నేనైతే 4 అంగుళాల దగ్గర ఆగేవాణ్ణి.

పల్నాటి బట్టీ:
ఇదంతా మా మేస్త్రికి చదివి వినిపించాను. "జల్లెడ పట్టమని మొదటి రోజే చెప్పాను కదయ్యా" అన్నాడు. నిజంగా చెప్పాడేమో, నాకైతే గుర్తు లేదు. ఈ వారం 4 అంగుళాలది ఏరించి పోస్తున్నాం. దించాక మళ్లీ 10 కిలోలు తూస్తాను.