ఇంజిన్ మౌంటింగులు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

గ్యారేజ్_పిచ్చోడు:
నాది పెట్రోల్ కారు, ఆటోమేటిక్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. కొన్నాళ్ళుగా సిగ్నల్ దగ్గర డీ (డ్రైవ్ గేరు)లో ఉంచి బ్రేకు తొక్కితే స్టీరింగ్ నుంచి సీటు దాకా ఒకటే వణుకు. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. న్యూట్రల్‌లోకి తెస్తే చాలావరకు తగ్గిపోతుంది. రివర్స్ వెయ్యగానే కింద 'దబ్' మని దెబ్బ వినిపిస్తోంది. బానెట్ ఎత్తి చూస్తే టైమింగ్ వైపు, అంటే టైమింగ్ బెల్టో చెయినో ఉండే వైపు, మౌంటింగ్ (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) కింద నల్లగా జిడ్డు చార. హైడ్రాలిక్ జాకీ, స్టాండ్లు, సాకెట్ సెట్టు, టార్క్ రెంచి ఉన్నాయి. బోల్టు విప్పగానే ఇంజిన్ కింద కూర్చుంటుందేమోనని టెన్షన్. మూడు మౌంటింగులూ మార్చాలా, ఆ ఒక్కటీ చాలా?

పానా_బాబాయ్:
చేసుకోవచ్చు తమ్ముడూ, భయపడేంత పనేం కాదు. ఇంజిన్ అడ్డంగా ఉండే కార్లలో మామూలుగా బరువు మోసేవి టైమింగ్ వైపుదీ, గేర్‌బాక్స్ వైపుదీ. కింద ఉండే పొట్టి టార్క్ రాడ్ బరువు మోయదు, ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టుకుంటుంది. ఆ 'దబ్' విషయంలో నా అనుమానం దాని మీదే. జిడ్డు చార టైమింగ్ వైపున్న పైదాని సంగతి. చాలా కార్లలో ఆ మౌంటింగ్ లోపల ద్రవం ఉంటుంది, రబ్బరు చిరిగితే బయటికి వచ్చేస్తుంది. అయితే వాల్వ్ కవర్ నుంచి దిగే ఆయిల్ కూడా అలాగే కనిపిస్తుంది. ముందు శుభ్రంగా తుడిచి, కారు కొంచెం తిప్పి, ఎక్కడి నుంచి వస్తోందో చూడు.

తర్వాత ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగించి, బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి డీ నుంచి ఆర్‌కి మార్చమను. నువ్వు పక్కన నిలబడి చూడు, కారు ముందు మాత్రం వద్దు. ఇంజిన్ ఎటు ఎగిరిపడుతోందో కంటికే తెలుస్తుంది. ఒకటి పోతే మిగతావాటి మీద భారం పెరుగుతుంది కాబట్టి అన్నిటినీ చూడు. రబ్బరు పగలకుండా ఉన్నదాన్ని మాత్రం ఊరికే పీకకు.

ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ కింద జాకీ నేరుగా పెడితే రేకుదైతే సొట్ట పడుతుంది, అల్యూమినియందైతే పగలొచ్చు. వెడల్పాటి చెక్క వెయ్యి, డ్రెయిన్ బోల్టుకి తగలనివ్వకు. కొన్ని మాన్యువల్స్‌లో ఛాంబర్ కింద పెట్టొద్దనే రాసి ఉంటుంది. అలాంటప్పుడు ఇంజిన్‌ని పైనుంచి పట్టుకునే బార్ వాడాలి. ఎలా చేసినా మౌంటింగ్ మీద బరువు తగ్గేంతవరకే లేపు. ఎక్కువ లేపితే రేడియేటర్ గొట్టాలు, ఏసీ పైపులు లాక్కుపోతాయి. కారు కిందికి దూరాల్సి వస్తే కారు స్టాండ్ల మీదే ఉండాలి, జాకీని నమ్ముకోవద్దు.

కొత్తది పెట్టేటప్పుడు బోల్టులన్నీ ముందు చేత్తోనే కొన్ని చుట్లు ఎక్కించు. రంధ్రం ఎదురు రాకపోతే జాకీని వెంట్రుకవాసి పైకో కిందకో ఆడించు, అంతేగానీ బోల్టుతో ఇంజిన్‌ని లాగకు. అల్యూమినియం బ్రాకెట్‌లో మర పోయిందంటే మౌంటింగ్ కంటే అదే పెద్ద పని. కొన్ని బోల్టులు ఒక్కసారికే పనికొస్తాయి, మాన్యువల్ కొత్తది వెయ్యమంటే కొత్తదే వెయ్యి.

అసలు కిటుకు చివర్లో ఉంది. జాకీ పూర్తిగా దించి, ఇంజిన్‌ని చేత్తో కాస్త ఊపి, అది తన చోటు చూసుకుని కూర్చున్నాకే టార్క్ రాడ్ బోల్టు బిగించు. ముందే బిగిస్తే లోపలి రబ్బరు మెలి తిరిగి ఉండిపోతుంది. కొత్త సామాను వేశాక కూడా వణుకు పోలేదని కొట్టువాణ్ణి తిట్టేవాళ్ళలో సగం మంది సంగతి ఇదేనని నాకు గట్టి అనుమానం.

ఐడిలింగ్_గురూ:
బాబాయ్ గారు అంతా చెప్పేశారు, నాది చిన్న మాట. న్యూట్రల్‌లో కూడా ఇంజిన్ కుదుపుతూ ఉంటే ముందు ప్లగ్గులు, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే భాగం) చూడమనేవాణ్ణి. మీకు తగ్గుతోంది కాబట్టి మౌంటింగ్ వైపే మొగ్గు. సామాను మాత్రం ఛాసిస్ నంబరు చెప్పి తెప్పించుకోండి. ఆటోమేటిక్‌కీ మాన్యువల్‌కీ గేర్‌బాక్స్ వైపుది తేడా ఉండొచ్చు. గట్టిగా ఉంటాయని పాలీయురెథేన్‌వి ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి, రోజూ తిరిగే కారులో వణుకంతా లోపలికే వస్తుంది.

గ్యారేజ్_పిచ్చోడు:
పైదీ, టార్క్ రాడ్డూ మార్చేశాను. పాత రాడ్డు చేతిలోకి తీసుకుని మెలిపెడితే దాని చివరుండే పెద్ద బుష్‌లో రబ్బరు ఒక పక్క పూర్తిగా ఊడి, నోరు తెరిచింది. గేర్‌బాక్స్ వైపుది బాగానే ఉంది, ముట్టుకోలేదు. 'దబ్' పోయింది, డీలో వణుకు కూడా పోయింది. కానీ రివర్స్‌లో మాత్రం రేకు జుయ్యిమని మోగుతోంది బాబాయ్, ఇది ఇంతకుముందు లేదు.

పానా_బాబాయ్:
కొత్త రబ్బరు మీద ఇంజిన్ కాస్త పైకి లేచి ఉంటుంది, దాంతోపాటు సైలెన్సర్ పైపు కూడా జరుగుతుంది. ఇంజిన్ ఆపి, పైపు చల్లారాక, హీట్ షీల్డ్‌కి (పైపు వేడిని అడ్డుకునే రేకు) ఎక్కడైనా తగులుతోందేమో వేలు పెట్టి చూడు. అక్కడేం లేకపోతే టార్క్ రాడ్ బోల్టు వదులు చేసి, ఇంజిన్‌ని ఊపి, మళ్ళీ బిగించు.

గ్యారేజ్_పిచ్చోడు:
హీట్ షీల్డే బాబాయ్. అంచు పైపుకి ఆనుకుని ఉంది, కాస్త వంచితే మోత ఆగింది.