రాళ్ల నెక్లెస్: హాల్‌మార్క్ ఒక్కటీ చాలా?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి కెంపులు, పచ్చలు పొదిగిన నెక్లెస్ చూశాం. మొత్తం 48 గ్రాములు, తరుగు 18 శాతం. రాళ్ల బరువెంతని అడిగితే "హాల్‌మార్క్ ఉంది కదమ్మా, టెన్షన్ ఎందుకు?" అని నవ్వారు. ఆ నవ్వే నాకు నచ్చలేదు. ఏం అడగమంటారు?

జవాబు: అక్కా, హాల్‌మార్క్ చెప్పేది బంగారం సంగతే, రాళ్లది కాదు. 22 క్యారెట్లకు 916 అని ముద్ర ఉంటుంది, అంటే 91.6 శాతం బంగారం. పక్కనే అంకెలు, అక్షరాలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే ఇచ్చే గుర్తింపు కోడ్ చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ కోడ్ కొడితే నగ రకం, స్వచ్ఛత వస్తాయి. నెక్లెస్‌కి బదులు ఉంగరం అని వస్తే లేచి వచ్చేయండి!

జవాబు: అసలు డబ్బు పోయేది బరువులోనండీ. మొత్తం బరువు, నికర బంగారం బరువు బిల్లులో విడివిడిగా రాయించండి. రేటు, తరుగు నికర బరువు మీదే కట్టాలి. రాళ్లకు క్యారెట్ అంటే బరువు, స్వచ్ఛత కాదు; అయిదు క్యారెట్ల రాళ్లు ఒక గ్రాము. పగుళ్లలో గాజు నింపిన కెంపులూ మార్కెట్లో ఉన్నాయి, మెరుపు చూసి మోసపోవద్దు. ఖరీదైన రాయైతే ల్యాబ్ రిపోర్ట్ అడగండి.

ప్రశ్న అడిగినవారు: ఈ రోజు గట్టిగా అడిగాను. నికరం 39 గ్రాములేనట! తరుగు మాత్రం 48 మీద వేశారు. వేరే కొట్టు చూస్తున్నాం.